మగ్గ మాగిన దినములు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పుదురు. కలిగినవారి యిండ్లలో ఈ మాట నీతివాక్యము. నేతవారి యిండ్లలో ఇది లెక్క. మగ్గముపై కూర్చుండువాని నడుము నిలిచినంతకాలమే మజూరి నిలుచును. ఆసు పోయునామె భుజము పడిపోయిన దినమున ఇంటి రాబడియు పడిపోవును. నెలజీత మెఱుగని కుటుంబములకు జబ్బు వచ్చినచో రెండు విధముల నష్టము. వైద్యునకు ఇచ్చుకొనునది మొదటిది. మగ్గ మాగుటచే చేతికి రాకపోవునది రెండవది. మొదటిదానిని గూర్చి ప్రభుత్వములు కొంత యాలోచించినవి. రెండవదానిని గూర్చి ఆలోచించినవారు తక్కువ. కావున దానిని గూర్చియే సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకొనగోరుచున్నాము.

మే మిరువురము తోడికోడండ్రము. మా యూరు పోచంపల్లి. 1951వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన వినోబాభావేగారు ఇచ్చటికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరముల భూమిని దానమిచ్చుటచే భూదానోద్యమమునకు ఈ యూరు పుట్టినిల్లైనది. నాటినుండి దీనిని భూదాన పోచంపల్లి యందురు. వెనుక నల్లగొండ జిల్లాలో నుండెడిది; నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరియున్నది. అయినను దూరదేశములవారు మా యూరి పేరు వినినది చీరవలననే. 2005లో పోచంపల్లి ఇక్కతునకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థవారు ఉత్తమ పర్యాటక గ్రామములలో దీనిని చేర్చిరి. మాలో పెద్దది 1988లోను, చిన్నది 1991లోను ఈ యూరికి కాపురమునకు వచ్చినారము. అప్పటినుండి రెండు మగ్గముల చప్పుడు వినుచు, పిల్లలను పెంచుకొనుచు, కండెలు చుట్టుచు, చిటికి కట్టుచు కాలము గడపుచున్నాము.

ఈ చీర యెట్లు తయారగునో యెఱుగని సోదరీమణులకు రెండు మాటలు చెప్పవలెను. ఇతర చీరలలో బట్ట నేసిన పిదప అచ్చు వేయుదురు, లేదా నేయునప్పుడే రంగుపోగులు కలుపుదురు. ఇచ్చట నట్లు గాదు. నేయకమునుపే నూలుమీద గుర్తులు పెట్టి, రంగు తగులరాని తావులను సైకిలు ట్యూబు రబ్బరుముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మఱల విప్పి, మఱల కట్టి, మఱియొక రంగులో ముంచుదురు. పడుగు, పేక రెండును ఇట్లు సిద్ధమైన తరువాతనే మగ్గ మెక్కును. పోగు పోగు తన తావున వచ్చి కూర్చున్నప్పుడు పువ్వో, చిలుకయో, గళ్లో కనబడును. మగ్గముపై కూర్చుండి నాడె విసరువానిని లోకము నేతగాడనును. వానికి ముందు జరిగిన పనిలో చాలభాగము ఇంటి స్త్రీలది. ఆ పనికి వేఱుగా పేరు లేదు. వేఱుగా కూలియు లేదు. చీరకింత యని యొప్పుకొనిన మజూరిలో అంతయు కలిసిపోవును.

ఆ పనులలో కష్టతమమైనది ఆసు. గజము దూరమున నొకవైపు నొక మేకు, దాని కెదురుగా అర్ధచంద్రాకారమున మేకుల వరుస గల చట్రమునకు ఆసని పేరు. చిటికి కట్టుటకు ముందు పేకనూలును దీనిమీద పోయవలెను. పోగును వ్రేళ్లసందున పట్టి ఈ కొననుండి ఆ కొనకు, ఆ కొననుండి ఈ కొనకు చేయి చాచుచు, ఏ మేకునకు ఎన్ని చుట్లో లెక్క తప్పక పోయవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 సారులు ఇట్లు పోయిరావలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000 సారులు. చీర యొకటికి నాలుగైదు గంటలు పట్టును. మధ్యలో పసివాడేడ్చినను, పొయ్యిమీద పాలు పొంగినను, లేచి వచ్చిన పిదప లెక్క మఱల చూచుకొనవలెను.

మా యత్తగారు పండ్రెండవయేట ఆసు పట్టి నలువదియేండ్లు పోసిరి. 1995 ప్రాంతమున ఆమె కుడిభుజము పట్టుకొనిపోయినది. మొదట రాత్రులు నిద్ర పట్టకుండెను. తరువాత కొప్పు ముడుచుకొనుటకు చేయి లేవదాయెను. అటకమీది ఉప్పుజాడి దింపుటకు మమ్ము పిలువవలసి వచ్చెను. వైద్యుడు చూచి, మందు వ్రాసి, మూడు మాసములు ఆ చేతికి పని చెప్పవలదనెను. ఆ మాట విని ఆమె నవ్వి, ఇంటికి వచ్చిన పిదప, "చెయ్యి నాది, నొప్పి నాది, పైసలు మాత్రం చీరకే" అని యొక్కమాట యనెను.

అప్పుడు మాలో చిన్నదానికి నెలలు నిండియుండెను. పెద్దది ఒక్కతె రెండు మగ్గములకు ఆసు పోయలేకపోయెను. పురుషుల కా పని చేతికి రాలేదు; వారు ఆసు ముందు కూర్చున్నచో మగ్గ మాగును. కావున ఎనిమిది మాసములు మా మగ్గములనుండి చిటికిచీర దిగలేదు. సాదాచీర నేసితిమి. సాదాచీరకు మజూరి సగము కన్న తక్కువ. మగ్గముమీదివారు నాటికి నేటికి ఒకే విధముగా పాటుపడిరి. వారి నడుములు చక్కగనే యుండెను. పడిపోయినది ఒక ముసలామె భుజము. దానితో ఇంటిల్లిపాది రాబడి సగమైనది. నేతయింట నొకరి యారోగ్యము ఒకరిది మాత్రమే కాదని మేము నేర్చుకొనిన దప్పుడు. మా సీమలో భుజము నొప్పికి తాళలేక చిటికిపని మానివేసిన కుటుంబములు మాదొక్కటే కాదు.

ఇట్టి నొప్పినే యొక కుమారుడు తన తల్లియందు చూచెను. ఆలేరు దగ్గరి శారాజీపేట నివాసి చింతకింది మల్లేశముగారు ఆరవతరగతితో చదువు మానినవారు. తల్లి లక్ష్మిగారి భుజము నొప్పి చూడలేక, 1992 మొదలుకొని ఆసు పోయు యంత్రము చేయ యత్నించి, ఎన్నియో సారులు విఫలులై, ఇరుగుపొరుగువారి పరిహాసమునకు గుఱియై, 1999లో దానిని సాధించిరి. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియును. 2017లో భారతప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. వైద్యుడు మాన్పలేని నొప్పిని ఒక కొయ్యచట్రము, ఒక చిన్న మోటారు మాన్పినవి. ఆరోగ్యరక్షణ యనగా మందు మాత్రమే కాదు, పనిముట్టును మార్చుట కూడ నని చెప్పుటకు ఇంతకన్న దగ్గరి యుదాహరణము మేమెఱుగము.

అయితే యంత్రము మా వీథికి వచ్చిన దినమున మాకొక క్రొత్తసంగతి తెలిసినది. యంత్రముగలవారు చీరకింత యని పైకము తీసికొనిరి. మేమును సంతోషముగనే చెల్లించితిమి. ఆ పైకము లెక్కలో వ్రాయునప్పుడు మా యత్తగారు ప్రక్కన కూర్చుండి చూచుచుండిరి. నలువదియేండ్లు ఆమె చేసిన పనికి ఒక వెల కలదనియు, ఆ వెలను ఆమెకెవ్వరును ఇయ్యలేదనియు ఆ కాగితము చెప్పినది. చేయి చేసినప్పుడు వెల లేని పనికి యంత్రము చేసినప్పుడు వెల పుట్టినది! మఱియొక సంగతియు మఱువరాదు. మా వీథిలో ఇతరుల యిండ్లకు కూలికి ఆసు పోసి బ్రతుకుచుండిన యొంటరి స్త్రీలు ఇరువురుండిరి. వారి భుజములకు విశ్రాంతి దొరకినది గాని కూలి పోయినది. వారిలో నొకామె చిటికి కట్టుట నేర్చుకొనెను. రెండవయామె కండ్లు అందుకు చాలలేదు. నొప్పి తీర్చు మార్పు వచ్చినప్పుడు దానితో పాటు కూడు పోవువారి సంగతియు చూచువా రుండవలెను.

ఇక ప్రభుత్వముల సాయమును గూర్చి చెప్పుదుము. 2005-06లో కేంద్రప్రభుత్వము చేనేతవారి కొఱకు ఆరోగ్యబీమా పథకమొకటి ఆరంభించెను. నేతగాడు, భార్య, ఇరువురు బిడ్డలు కలిసి యేడాదికి 15,000 రూపాయల వఱకు వైద్యము పొందవచ్చును. అందులో 7,500 రూపాయల వఱకు ఆస్పత్రిలో చేరకయే చూపించుకొను జబ్బులకు చెల్లును. కండ్లద్దములకు సయితము 250 రూపాయలు వ్రాసియుండిరి. ఇది స్వల్పమని తోచవచ్చును. చిటికి కట్టు స్త్రీకి కండ్లద్దము లుండుట లేకుండుట ఎంత భేదమో సూదిలో దారమెక్కించు ప్రతి సోదరికిని తెలియును. తరువాతి కాలమున ఆ పథకము ఇతర పథకములలో కలిసిపోయెను.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చెను. పేదవారికి పెద్ద శస్త్రచికిత్సలు ఉచితముగా లభించుట మొదలయ్యెను. తెలంగాణములో 2023 డిసెంబరులో దాని మేర 10 లక్షల రూపాయలకు పెరిగినది. ఈ పథకముచే ప్రాణములు దక్కినవారు మా యూరనే యెందఱో కలరు. మా యింటను ఆ మేలు పొందితిమి. 2014లో మాలో పెద్దదాని భర్తకు మూత్రపిండములో రాళ్లు పెరిగి హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగినప్పుడు మేము ఆస్పత్రికి ఒక్క రూపాయియు చెల్లింపలేదు. ఆ కృతజ్ఞత మాకు కలదు.

కాని ఇంటికి వచ్చిన తరువాత కథ వేఱు. ఆఱువారములు మగ్గపుగుంటలో దిగరాదనిరి. మగ్గముపై ఏడుచీరల పడుగు, రెండుచీరలు మాత్రమే దిగియున్నవి. మిగిలిన యైదుచీరలు దిగిననే గాని షావుకారు లెక్క చూడడు. ఆఱువారముల బియ్యము, పాలు, బడిపిల్లల ఖర్చు, పట్నమునకు పోయివచ్చు బండిచార్జీ, రోగికి తోడుండుటకు మాలో నొకతె పని మానుకొనుట ఇవి యేవియు ఆరోగ్యకార్డులో లేవు. చేబదులు తెచ్చితిమి. ఆ బాకీ తీర్చుటకు వైద్యుడు చెప్పిన గడువునకు పదిదినములు ముందే ఆయన గుంటలో దిగిరి. ఆస్పత్రి మాన్పిన శరీరమును ఆకలి తొందరపెట్టినది. ఇదే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము: చికిత్స ఉచితమైనంత మాత్రమున జబ్బు ఉచితము గాదు.

కర్మాగారములలో పనిచేయువారికి ఈ చిక్కు కొంతవఱకు తీర్చు నేర్పాటు మన దేశములో కలదు. 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము చేయబడెను. 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతిలో ఆ పద్ధతి చేర్చబడెను. పనివాడు కొంత, యజమాని అంతకన్న హెచ్చుగా చందా చెల్లింతురు. పనివాడు జబ్బుపడినచో వైద్యమేగాక, యేడాదికి 91 దినముల వఱకు జీతములో నూటికి 70 వంతులు లభించును. ఈ యాలోచన క్రొత్తది కాదు. జర్మనీదేశములో 1883లోనే జబ్బుపడిన పనివానికి 13 వారముల వఱకు సగము కూలి ఇచ్చు చట్టము చేసిరి. జబ్బుపడినవానికి మందుతో పాటు అన్నమును కావలెనని ఆనాడే గ్రహించిరి.

మఱి మాకేల లేదు? మగ్గము మా యింటిలోనిది. నూలు షావుకారిది. చీర దుకాణముది. మేము ఎవ్వరి పనివారమో కాగితముమీద లేదు. యజమాని లేనిచోట చందా చెల్లించువాడును లేడు. ఇట్టివారు దేశమున కొద్దిమంది గారు. 2019-20లో వెలువడిన నాలుగవ చేనేత గణనములో 35 లక్షలకు పైగా చేనేత పనివారు లెక్కకు వచ్చిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. మూడింట రెండువంతుల కుటుంబములకు నెలకు 5,000 రూపాయలు మించిన రాబడి లేదు. ఆ రాబడిలో ఆఱువారము లాగిపోయిన నేమి మిగులునో చదువరులు ఊహింపగలరు. గర్భిణీస్త్రీకి జీతముతోడి సెలవునిచ్చు 1961 నాటి చట్టమును జీతగాండ్ర యిండ్లకే గాని మా యిండ్లకు రాలేదు.

మేలు జరుగలేదని మేమనము. 2017లో మా పోచంపల్లిలోనే నేతన్నకు చేయూత పథకము ప్రారంభించిరి. నేతగాడు మజూరిలో నూటికి 8 రూపాయలు దాచుకొన్నచో ప్రభుత్వము 16 కలుపును. 2020లో మహమ్మారి వచ్చి చీరలు కొనువారు లేక మగ్గములు నిలిచినప్పుడు, గడువు తీరకమునుపే ఆ సొమ్ము తీసికొననిచ్చిరి. ఎన్నియో యిండ్లలో పొయ్యి వెలిగినది దానితోనే. 2022 ఆగస్టు 7వ తేదీన నేతన్న బీమా యారంభమై, మరణించిన నేతగాని కుటుంబమునకు 5 లక్షల రూపాయల నేర్పరచిరి. మంచిదే. అయినను మా యిరుగుపొరుగు స్త్రీలు చెప్పుకొను మాట యొకటి కలదు: మగడు పోయిన తరువాత వచ్చు అయిదు లక్షలకన్న, మంచముమీద నున్నప్పుడు వారమునకు వచ్చు అయిదువందలు మేలు గదా!

ఆరోగ్యనీతి యనునది ఆస్పత్రి గుమ్మముతో ఆరంభము గాదు. నల్లగొండ సీమలోని నీటిలో ఫ్లోరైడు హెచ్చు. ఆ నీరు త్రాగి వెన్ను వంగి, కీళ్లు బిగిసి, నడివయసుననే పనికి దూరమైనవారిని మా ప్రాంతపు పల్లెలలో చూచియున్నాము. 2016లో మొదలైన మిషన్ భగీరథచే నదీజలము ఇంటింటికి వచ్చుట యనగా మజూరి కాపాడుటయే. రంగుల సంగతియు నట్టిదే. కొన్ని రంగులలోని విషము చర్మమునకును, ప్రాణమునకును చేటని తెలిసి, జర్మనీ 1994లో వానిని నిషేధించెను. మన ప్రభుత్వము 1997లో 112 రంగులను నిషేధించెను. కట్టుకొనువారి క్షేమమునకై చేసిన శాసనము, దినమెల్ల రంగుతొట్టిలో చేతులు ముంచువారికిని రక్ష యైనది. మూడువందల యేండ్లకు పూర్వమే, 1700లో, ఇటలీ వైద్యుడు రమజ్జినిగారు వృత్తులవలన గలుగు రోగములమీద గ్రంథము వ్రాసి, రోగిని చూచునప్పుడు వాని వృత్తి యేదియో తప్పక యడుగవలెనని తోడివైద్యులకు బోధించిరి. మా యత్తగారిని చూచిన వైద్యు లెవ్వరును ఆ ప్రశ్న యడుగలేదు.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱ లేదు. నేతయిండ్ల సోదరీమణులకు మేము ఆచరించి మేలు పొందిన కొన్ని సంగతులు చెప్పెదము. మగ్గమున కెదురుగాగాని ప్రక్కగాగాని వెలుతురు పడునట్లు కిటికీ యుంచుడు. గుంటలో తేమ చేరనీయకుడు. కాళ్లక్రింద ఎండుపలక వేయుడు. గంట కొకసారి లేచి నాలుగడుగులు నడువుడు. చీర ఆలస్యము గాదు. నూలు చుట్టునప్పుడు ముక్కునకు పలుచని గుడ్డ కట్టుకొనుడు. కాస్టిక్ సోడా, హైడ్రోసు ముట్టునప్పుడు చేతితొడుగులు వేసికొని, పని ముగియగానే సబ్బుతో కడిగికొని గాని పిండి కలుపవలదు, బిడ్డకు పాలియ్యవలదు. రంగుడబ్బాలు వంటగిన్నెల దాపున నుంచరాదు. నలువదియేండ్లు దాటిన వెంటనే కండ్లు చూపించుకొనుడు. చూపు తగ్గెనని యొప్పుకొనుట తలవంపు గాదు.

మఱియొకటి. మా వీథిలోని పొదుపు సంఘములో పండ్రెండుమందిమి కలిసి ఆఱేండ్లనుండి జబ్బునిధి యని వేఱుగా నెలకు ఇరువది రూపాయలు వేయుచున్నాము. ఇంట మగ్గ మాగినవారికి, ఆగినన్ని దినములు, వడ్డీలేక, తిరిగి చెల్లించు నిర్బంధము లేక, అందులోనుండి యిత్తుము. మొత్తము కొద్ది. అయినను దానివలన ఇద్దఱు వైద్యుడు చెప్పిన గడువు తీరువఱకు మంచముమీద నుండగలిగిరి. చేబదులు కొఱకు గుమ్మములు తిరుగలేదు. పండ్రెండు స్త్రీలు ఇరువదేసి రూపాయలతో చేయగలిగిన పనిని షావుకారులు, సహకారసంఘములు, ప్రభుత్వము కలిసి చేసినచో ఎంత పెద్దది కాగలదు! చీర యొక్కింటికి కొన్ని రూపాయలు దుకాణమువైపునుండి, కొన్ని నేతవైపునుండి, కొన్ని ప్రభుత్వమునుండి చేర్చి జబ్బుదినముల నిధి యేర్పరుపవచ్చును. ఆసు, చిటికి, కండెల పనిచేయు స్త్రీలను వారి వారి పేరనే పనివారుగా వ్రాసి, వారి భాగపు మజూరిని వేఱుగా చూపవచ్చును. పేరు లేని పనికి కూలి లేనట్లే, పేరు లేని పనిమనిషికి చికిత్సయు, సెలవును లేవు.

చదువరులలో పోచంపల్లి చీర కట్టువారు అనేకులుందురు. ధర అడుగునప్పుడు తగ్గింపుమనుట లోకసహజము. మేమును అంగడిలో కూరగాయలకు బేరమాడువారమే. ఇకమీదట దుకాణములో చీర విప్పి చూచునప్పుడు, నేసినవారు జబ్బుపడినచో వారికేమైన ముట్టునా యని దుకాణదారు నొక్కసారి అడుగుడు. మొదటిసారి ఆయనకు ప్రశ్న అర్థము గాకపోవచ్చును. పదిమంది యడిగిన పిదప, ఆయన ఆ ప్రశ్నను మా షావుకారు నడుగక తప్పదు.